టమాటా తోటలో నేను కనిపెట్టిన చీటా

ఇబ్రహీంపట్నంలో రెండు రోజుల పాటు టమాటా కోతను ఒంటిచేత్తో ఆపిన ఘనుణ్ణి నేనే. వడగళ్లు పడలేదు, కూలీలు సమ్మె చేయలేదు. అంతా నా జంతుశాస్త్రం చలవ. ఎలాగో చెబుతాను, కాస్త జాలి దగ్గర పెట్టుకుని చదవండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మహేశ్వరం నుంచి వచ్చి ఇక్కడి ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరాను. తల నిండా జంతువులే గానీ, దగ్గరగా చూసినవి మాత్రం కప్ప, బొద్దింక, వానపాము. అవి కూడా ప్రాణం లేనివి.

మా ఇంటి ఓనరు యాదమ్మక్కకు ఊరి చివర టమాటా తోట ఉంది. ఒక పొద్దున ఆమె రొప్పుకుంటూ వచ్చింది.

"సారూ, తోటల మస్తు పెద్ద అడుగులు పడ్డయ్. చిరుతపులి అంటున్నరు. జర వచ్చి చూస్తవా?"

చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాను. కూలీలంతా గట్టు మీద గుంపుగా నిలబడి ఉన్నారు. నేను తడి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, డాక్టరు నాడి పట్టినంత గంభీరంగా ఆ అడుగును పరీక్షించాను. నాలుగు వేళ్లు. ప్రతి వేలి ముందూ గోరు గుర్తు.

"ఇది చిరుత కాదు," అన్నాను.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు మీకు ఈ కథ ఉండేది కాదు.

"చిరుత నడిచేటప్పుడు గోర్లు లోపలికి ముడుచుకుంటది. అట్ల పూర్తిగ ముడుచుకోలేనిది చీటా. ఇది చీటానే!"

"రెండు ఒకటే గాదా?" అంది యాదమ్మక్క.

"కాదక్కా. చిరుత ఒంటి మీద పూలలెక్క మచ్చలుంటయ్, చీటాకు ఉత్త చుక్కలు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, చిన్న తల. కండ్ల నుంచి నోటిదాక నల్లటి గీతలు, కాటుక కారినట్టు."

"అయ్యో, ఏడ్సినట్టుంటదా పాపం!" అంది కూలీల్లో ఒక ముసలమ్మ.

యాదమ్మక్క భర్త నర్సింహన్నకు మాత్రం నమ్మకం కుదరలేదు. "గవి మన దిక్కు ఏడున్నయ్?"

"మధ్యప్రదేశ్‌కు ఆఫ్రికా నుంచి తెచ్చిండ్రు గదన్నా. అండ్ల ఒకటి నడుసుకుంట వచ్చింది."

"గంత దూరం నుంచి మన టమాటల కోసమా?"

నా పట్టుదల ముందు నర్సింహన్న ఎంత? "చీటా పగటిపూటనే ఎక్కువ వేటాడుతది. ఎవ్వరు తోటల దిగొద్దు," అని ఆజ్ఞ జారీ చేసి, అటవీ శాఖకు ఫోన్ కొట్టాను. మర్నాడు వస్తామన్నారు. ఆ రెండు రోజులూ కాలేజీకి సెలవు పెట్టి గట్టు మీదే కాపలా కూర్చున్నాను. టమాటాలు నా కళ్ల ముందే పండి, మెత్తబడి, రాలుతున్నాయి.

రెండో రోజు పొదలో కిచకిచ వినిపించింది.

"వినుండ్రి! చీటా గర్జించదు. పిట్టలెక్క కూస్తది!"

"సారూ, గది పిట్టనే," అన్నాడు నర్సింహన్న.

పిట్ట ఎగిరిపోయింది. నేను మాత్రం కదల్లేదు.

మధ్యాహ్నం అటవీ శాఖ నుంచి ఒక ఉద్యోగిని వచ్చింది. అడుగు వైపు ఒక్కసారి చూసి, "సార్, గోర్ల గుర్తులు కుక్కకు గూడ పడ్తయ్," అంది.

అంతలో పక్కనున్న ఇళ్ల ప్లాట్ల వెంచర్ కాపలా కుక్క, దూడంతది, తోకాడించుకుంటూ వచ్చి ఆ గుర్తు పక్కనే కాలు పెట్టింది. అచ్చు గుద్దినట్టు అదే!

గట్టంతా పగలబడి నవ్వింది. యాదమ్మక్క ఒక్కతే నవ్వలేదు. రాలిన టమాటాల వంక చూస్తూ నిలబడింది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

"మిగిలినయ్ నేను గూడ తెంపుతనక్కా," అని గంప అందుకున్నాను. మొదటి సాలు మెరుపులా తెంపాను. రెండో సాలు సగంలో నడుం పట్టేసి కూలబడ్డాను.

అప్పుడు నవ్వింది యాదమ్మక్క. "ఏంది సారూ, ఒక్క ఉరుకు ఉరికి గట్ల కూసున్నవ్?"

"చీటా గూడ అంతేనక్కా. జర దూరమే ఉరుకుతది, తర్వాత గిట్లనే రొప్పుకుంట..."

"నోరు మూసుకుని గంప పట్టు సారూ!"

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నేల మీద ఏ అడుగు కనబడినా, అది డైనోసార్‌దే అయినా సరే, ముందు ఆ చుట్టుపక్కల కుక్కలన్నింటి కాళ్లూ పట్టుకుని చూశాకే నోరు విప్పుతాను.