కాలర్ మూల దగ్గర ఆగే పాట

మా ఇస్త్రీ కొట్టుకీ టైలరమ్మ కొట్టుకీ మధ్య అడ్డం ఒక చెక్క గోడే. పదిహేనేళ్లుగా ఆవిడ దగ్గినా నాకు వినబడుతుంది. కాబట్టి ఈ పాట సంగతిలో నన్ను ఎవరూ బుకాయించలేరు.

ఆవిడ తల్లి మంచాన పడ్డ ఏడాది, ఆ మంచాన్ని కొట్టు వెనక గదిలో వేయించుకుంది. తల్లికి వినబడేలా మిషను తొక్కుతూ పాట కట్టడం మొదలుపెట్టింది. కాగితమూ లేదు, కలమూ లేదు. రోజుకో మాట చేర్చుకుంటూ పోయింది. రెండో చరణంలో ఆ పాట ఉన్నట్టుండి ఆగుతుంది. చొక్కా కాలర్ మూల దగ్గర గుడ్డ తిప్పాలి కదా, మిషనుతోపాటు పాటా ఆగేది. తిప్పాక మళ్లీ అందుకునేది. తల్లి పోయాక కూడా అలాగే పాడేది.

ఆవిడ చెల్లెలు పేరున్న గాయని. పాటలు తనే రాసుకుని పాడుతుంది. తల్లిని చూడ్డానికి ఆ ఏడాది మొత్తానికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ భుజాన ఉన్న బ్యాగు కింద పెట్టలేదు. మొన్న వేసవిలో మాత్రం వారం రోజులుంది. అక్క చేత ఆ పాట పదేపదే పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

"కొత్త ఆల్బమ్‌లో నా సొంతవి ఆరక్కా, వేరేవాళ్లవి నాలుగు. ఆ నాలుగులో నీదొకటి" అంది.

"నా పేరు చెబుతావా?" టైలరమ్మ సిగ్గుపడుతూనే అడిగింది.

"చెప్పకపోతే ఎలా అక్కా!"

ఇక చూడాలి ఆవిడ సంబరం. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లందరికీ ఈ కబురే.

ఆల్బమ్ విడుదలైన రోజు మధ్యాహ్నం రేడియోలో చెల్లెలి ఇంటర్వ్యూ ఉందంటే ఇద్దరం పని మానేసి రేడియో ముందు కూర్చున్నాం. పాట వచ్చింది. ఆగాల్సిన చోట ఆగింది కూడా. టైలరమ్మ మొహం వెలిగిపోయింది.

"ఇది నా సొంత పాటండీ. అమ్మ మంచం పక్కనే కూర్చుని ఏడాది పాటు కట్టుకున్నాను" అంది చెల్లెలు.

"మధ్యలో ఆ మౌనం ఉంది చూశారూ, అద్భుతం!" అన్నాడు అడిగేవాడు.

"అమ్మ ఊపిరి ఆడుతోందో లేదో అని చెవి పెట్టి విన్న క్షణమండీ అది."

నాకు ఒళ్లు మండిపోయింది. ఊపిరీ లేదు, నా మొహమూ లేదు. అది చొక్కా కాలరు!

టైలరమ్మ వెంటనే ఫోన్ చేసింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"విన్నావా అక్కా? ఎలా ఉంది?"

"బాగా పాడావు. నా పేరు చెప్పలేదేం?"

"సొంతవి ఆరు ఉండాల్సిందేనని కంపెనీవాళ్లు పట్టుబట్టారు. నాకు ఐదే కుదిరాయి. అయినా నువ్వేమన్నా స్టేజీ ఎక్కి పాడతావా చెప్పు?"

"పోనీ, పాట ఉంచుకో. అమ్మ దగ్గర కూర్చున్నది మాత్రం మా అక్క అని చెప్పవే."



"అదెలా కుదురుతుందక్కా? జనానికి నచ్చిందే ఆ ముక్క."

టైలరమ్మ ఫోన్ పెట్టేసింది. నేను ఊరుకుంటానా? కేసు వేద్దాం, సాక్ష్యం నేను చెబుతానంటూ ఎగిరిపడ్డాను.

"పాటదేముంది అన్నా, ఇంకోటి కట్టుకుంటాను" అందావిడ ఏడుస్తూ. "అమ్మకి చేసిన ఏడాదిని ఎత్తుకుపోయింది. అది ఇంకోటి ఎక్కణ్నుంచి తెచ్చుకోను?"