లెక్కల సారు కన్నేసిన వంట పీరియడ్లు

ఏడో తరగతిలో మాకు గురువారం చివరి రెండు పీరియడ్లూ వంట. సిస్టర్లు నడిపే బడి మాది, పాత పట్నంలో, ఫిషింగ్ హార్బర్ పక్కనే. అక్కడ ఏళ్ళ తరబడి ఆడపిల్లలకి వంట, మగపిల్లలకి చెక్కపని. చెక్కపని సారు రిటైరయ్యాక ఇంకెవరూ దొరకలేదు. దాంతో మాకూ వేరే బ్యాచ్‌గా వంటే పెట్టారు. "మగపిల్లల్ని వంటలో పడేశారు" అని మా నాన్న బాధపడ్డారు గానీ, పరీక్షలో చేసిందాన్ని వెంటనే తినేయగలిగిన సబ్జెక్టు నాకు అదొక్కటే దొరికింది.

ఒక పీరియడ్లో మమ్మల్ని మతాన్ని బట్టి విడదీసేవారు. క్రిస్టియన్ పిల్లలు మతపాఠాల క్యాటకిజం క్లాసుకి, మిగిలినవాళ్ళం మోరల్ సైన్సుకి. మోరల్ సైన్సులో "నిజాయితీ" పాఠం జవాబులు ఒకరివి చూసి ఒకరం రాసుకునేవాళ్ళం. గురువారం మధ్యాహ్నం మాత్రం అందరిదీ ఒకే మతం, ఆకలి.

చిక్కల్లా లెక్కల సారుతోనే. డ్రిల్లు సారుకి జలుబు చేసినా, లైబ్రరీ తాళం కనపడకపోయినా, ఆయన చేతిలో సుద్దముక్కతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. మా వంట పీరియడ్ల మీద ఆయన కన్ను పడింది. "మగపిల్లలకి వంటెందుకు సిస్టర్? ఆల్జీబ్రా వెనకబడిపోతోంది. ఆ రెండూ నాకు రాసేయండి" అని ప్రిన్సిపల్ సిస్టర్ వెంట పడ్డారు. ఆవిడ విని విని విసిగిపోయి, "సరే సార్. క్రిస్మస్ టీ పార్టీకి ఆ అబ్బాయిల్నే కేకు చేయనీ. తిన్నాక చెప్తాను" అన్నారు.

అంటే కేకు బాగుంటే వంట, బాగాలేకపోతే ఆల్జీబ్రా. ఇంతకన్నా పెద్ద చావుబతుకుల సమస్య నాకు ఇప్పటిదాకా ఎదురవలేదు.

మా వంట మిస్‌కి అదే మొదటి ఉద్యోగం. ఊరు విజయనగరం. నవంబరులోనే మమ్మల్ని కూర్చోబెట్టి, కిస్‌మిస్‌లూ ఖర్జూరాలూ కొన్ని వారాలు నానితేనే కేకుకి రుచి అని చెప్పింది. "కొందరు రమ్ములో నానబెడతారు. మనం నారింజ రసంలో నానబెడదాం" అంది.

"రమ్ము మా బాబాయి తెత్తాడు మిస్" అన్నాడు వెనక బెంచీవాడొకడు. ఆ పీరియడంతా వాడు మోకాళ్ళ మీదే ఉన్నాడు.

పాత బజారులో కొట్టున్న సాయిబుల అబ్బాయి కిస్‌మిస్‌లూ జీడిపప్పూ తెచ్చాడు. ఇక పెద్ద పింగాణీ జాడీ కావాలి. నా బెంచీలో కూర్చునేవాడు జాలరిపేట నుంచి వచ్చేవాడు. వాడు చెయ్యెత్తాడు.

"మా మామ్మకాడ ఉంది మిస్. పేద్దది."

మర్నాడు దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో దిగాడు.

"శుభ్రంగా కడిగావా?" అంది మిస్.

"మామ్మ సింతపండేసి తోమి, ఎండలో ఎట్టింది మిస్."

జాడీ అద్దంలా మెరుస్తోంది. అందులో అంతకుముందు ఏముండేదో ఎవరం అడగలేదు.

దాన్ని నింపి, కిటికీ పక్క అలమరలో పెట్టి, ప్రతి గురువారం మూత తీసి కలిపేవాళ్ళం. రెండోసారి మూత తీయగానే మిస్ ముక్కు చిట్లించింది.

"ఏమిటీ వాసన?"

క్లాసంతా ఏకగ్రీవంగా కిటికీ వైపు చూసింది.

"గాలి తిరిగింది మిస్" అన్నాన్నేను.

మా బడిలో అన్ని వాసనలకీ అదే జవాబు. గాలి ఒక వైపు నుంచి వస్తే చేపలు, ఇంకో వైపు నుంచి వస్తే పోర్టు బొగ్గు. రెండూ లేని రోజున మాకే జలుబు చేసిందనుకునేవాళ్ళం. మిస్ నమ్మింది. మేమూ మనస్ఫూర్తిగా నమ్మాం. కిటికీ మూశాం.

"మూసినా తగ్గలేదేం?"

"అలవాటైపోద్ది మిస్" అని నా బెంచీవాడు ధైర్యం చెప్పాడు.

క్రిస్మస్ టీ ముందు రోజు కాన్వెంటు వంటింట్లో ఓవెన్ ఇచ్చారు. మిస్ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, కేకు లోపల పెట్టింది. వేడి తగిలేసరికి దాచుకున్నదంతా బయటపడింది. పెరట్లో అంట్లు తోముతున్న ఆయమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "ఏటమ్మా, రొయ్యిలు ఏపుతన్నారా? నాకూ రెండెయ్యండి" అంది.

ఆ వంటింట్లో కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గాలి మీద తోసేయడానికి గాలే లేదు.

నేను మెల్లిగా నా బెంచీవాడి వైపు తిరిగాను. "ఒరే, ఆ జాడీలో ముందు ఏటుండేదిరా?"

"ఏటుంటాది? ఎండు రొయ్యిలు."

"ఈ ముక్క ముందే సెప్పాలి కదరా!"

"నువ్వడిగావేటి బావా?"

"కిస్‌మిస్‌లు మావే. వాటిలో తప్పు లేదు. మా కొట్టు పేరెత్తొద్దు" అని సాయిబుల అబ్బాయి ముందస్తుగా తప్పుకున్నాడు. మిస్ స్టూలు మీద కూలబడింది. ఇంకో కేకు చేద్దామంటే నానిన పళ్ళు లేవు, టైమూ లేదు.

మర్నాడు హాల్లో లెక్కల సారు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నారు. ప్రిన్సిపల్ సిస్టర్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు. ఆవిడ చాలాసేపు నమిలారు. లెక్కల సారు ఒక ముక్క తిని, తప్పెక్కడుందో తేల్చడానికన్నట్టు రెండోది కూడా తీసుకున్నారు.

"ఇది ఏం కేకు?" అన్నారు సిస్టర్.

అందరం మిస్‌ని చూశాం. నా బెంచీవాడు లేచి నిలబడ్డాడు.

"ప్లమ్ కేకే సిస్టర్. జాడీ ఒక్కటే రొయ్యిలది."

సిస్టర్ గబుక్కున టీ కప్పు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కప్పు మాత్రం కాసేపు వణికింది.

"చూశారుగా సిస్టర్, ఫెయిల్!" లెక్కల సారు మూడో ముక్క చేతిలో పట్టుకునే లేచారు. "ఇక గురువారం నాకు రాసేయండి."

సిస్టర్ కప్పు కింద పెట్టారు. "సార్, హాఫ్ ఇయర్లీలో మీ లెక్కల్లో ఎంతమంది ఫెయిల్?"

సారు కొంచెం తగ్గారు. "సగం మంది ఉంటారు సిస్టర్."

"అప్పుడు నేను లెక్కలు తీసేశానా?"

"లేదు సిస్టర్. శనివారం స్పెషల్ క్లాసు ఇచ్చారు."

"వీళ్ళకీ అదే. గురువారం ఉంటుంది. పైన శనివారం స్పెషల్ క్లాసు."

"శనివారం నాది కదా సిస్టర్!"

"ఆడపిల్లలకి మీదే. అబ్బాయిలకి ఇప్పటినుంచి ఈ మిస్‌ది."

మేం పెట్టిన కేకలకి పక్క హాల్లో క్యారల్స్ ప్రాక్టీసు ఆగిపోయింది. మిస్ కళ్ళు తుడుచుకుంది. నా బెంచీవాణ్ణి భుజాల మీద ఎత్తుకుని ఊరేగిద్దామనుకున్నాం గానీ, వాడు బరువని మానేశాం.

శనివారం వచ్చింది. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదని మిస్ కోర్సుని మొదటినుంచి మొదలుపెట్టింది. అంటే గిన్నెలు తోమడం నుంచి. తోమిన ప్రతి గిన్నెనీ వాసన చూసి, సగం వెనక్కిచ్చేది. రెండో శనివారమూ గిన్నెలే. మూడో శనివారం మోచేతుల దాకా సబ్బు నురగతో నా బెంచీవాడు కిటికీలోంచి తొంగి చూశాడు. అవతలి క్లాసురూములో ఆడపిల్లలకి లెక్కల సారు ఆల్జీబ్రా చెప్తున్నారు. అందరూ ఫ్యాను కింద హాయిగా కూర్చుని ఉన్నారు.

"బావా, ఎక్స్ అంటే మరీ అంత కష్టమేటి కాదేమోరా" అన్నాడు.