అవ్వ పట్టించిన జొన్నపిండి

నా కడుపుకు పడని గోధుమలు ఇక మానేసి జొన్నరొట్టె తినమని నిన్న డాక్టరు చెబితే నవ్వొచ్చింది.

షామీర్‌పేట బడిలో మనం టిఫిన్ డబ్బాలు మార్చుకోవడం గుర్తుందా, సలీమా? అవ్వ వేడినీళ్లతో పిండి పిసికి, చేత్తో చరిచి, కట్టెల పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టెను నేను నీకిచ్చి, నీ మెత్తటి చపాతీలు తినేదాన్ని. సాయంత్రానికల్లా కడుపునొప్పి.

"పిండి ఖరాబైనట్టుంది బిడ్డా, ఇగ కొత్తది పట్టిస్త," అంటూ అవ్వ జొన్నల మూట నెత్తినెత్తుకుని మళ్లీ పిండి గిర్నీకి నడిచేది. చపాతీల సంగతి నేను చెబితే ఒట్టు.

ఈ ఉదయం నేనే రొట్టె చరిచాను. అంచులు పగిలినా, ఎల్లిపాయకారంతో రెండు తిన్నాను. కడుపు హాయిగా ఉంది.

పెనం దించుతూ, ఇప్పుడు లేని అవ్వతో అన్నాను: "పిండి మంచిగనే ఉండె అవ్వా."