చెంచాడు మందు

ఆ వీధిలో ఆమెను అందరూ పిల్లలమ్మ అంటారు. కడుపున పుట్టినవాళ్ళెవరూ లేరు. అయినా పొద్దెక్కేసరికి ఆ ఇంటి గడప దగ్గర బుల్లి చెప్పులు బారులు తీరతాయి. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పిల్లల్ని ఆమె చేతికిచ్చి, సాయంత్రం వచ్చి తీసుకెళతారు. ముందు గదిలో ఆమె భర్త ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. మరలూ మేకులూ పిల్లల నోట్లోకి పోకుండా రెండు గదుల మధ్య చెక్కపలక ఒకటి అడ్డం పెట్టాడు. దాన్ని దాటలేక రోజుకొకసారైనా తిట్టుకునేది ఆయనే.

పిల్లలందరిలోకీ చిన్నది బుడంకాయ. ఏడాదిన్నర పిల్ల. పిడికెడంత ఉన్నా ఇల్లు పీకి పందిరేసేది. దాన్ని తీసుకొచ్చిన మొదటిరోజే తల్లి ఒక మాట చెప్పింది.

"ఏం పెట్టినా మీ ఇష్టం అక్కా. మందు మాత్రం నన్నో, ఆయన్నో అడక్కుండా పట్టకండి."

"అయ్యో, నేనెందుకు పడతానమ్మా!" అంది పిల్లలమ్మ. మనసులో కాస్త నొచ్చుకుంది కూడా.

ఆ రోజు బుడంకాయ వచ్చినప్పటినుంచీ డీలాగానే ఉంది. బొమ్మలు ముట్టలేదు. పక్క పిల్ల జుట్టు లాగలేదు. అన్నం ముద్ద నోటికందిస్తే తల తిప్పేసుకుంది. ఒంటి మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. పిల్లలమ్మ తల్లికి ఫోన్ చేసింది. ఆమె పనిచేసే ఆఫీసులో లోపలికి వెళ్ళేముందు ఫోన్లు బీరువాలో పెట్టించుకుంటారు. మోగి మోగి ఆగిపోయింది. తండ్రి సరుకుల వ్యాను నడుపుతాడు. అతనూ ఎత్తలేదు. తడిగుడ్డ పెట్టి ఒళ్ళు తుడిచింది. పిల్ల మూలుగు ఆగలేదు. చివరికి పిల్ల నాయనమ్మకు చేసింది.

"జ్వరమేగా! దానికింత కంగారెందుకు? సంచిలో మందుంటుంది చూడు. ఒక చెంచాడు పట్టెయ్. నేనెప్పుడూ అంతే పడతాను."

"కోడలుగారు వద్దన్నారండీ. వాళ్ళనడిగి..."

"నేను దాని నాయనమ్మని తల్లీ. నా మాట చాలదా? ఈలోగా పిల్లకి ఫిట్స్ వస్తే ఎవరిది పూచీ?"

ఫిట్స్ అన్న మాట వినగానే పిల్లలమ్మ పిల్ల సంచి వెతికింది. అడుగున చిన్న సీసా దొరికింది. ఎర్రటి మందు. మూత తీసి, వంటింట్లోంచి చెంచా తెచ్చి, నిండుగా పోసి పిల్ల నోట్లో పట్టింది. పిల్ల మొహం చిట్లించి మింగేసింది. భుజాన వేసుకుని జోకొడుతూ ఉంటే కాసేపటికి ఒళ్ళు చల్లబడింది. అమ్మయ్య అనుకుంది.

అప్పుడు తండ్రి ఫోన్ చేశాడు.

"బండి నడుపుతున్నానండీ, చూసుకోలేదు. పాపకి జ్వరం తగ్గలేదా? పొద్దున బయల్దేరేముందు చుక్కల మందు వేశానే. సిరప్ అయిపోయింది, ఇంట్లో అదే ఉంది. హడావుడిలో సీసా సంచిలో పడేసి, చుక్కలు కొలిచే ఫిల్లర్ మంచం మీదే మర్చిపోయాను. ఇప్పుడేం వెయ్యకండి. సరుకు దింపి చేస్తాను."

ఆమె చెప్పబోయేలోగా పెట్టేశాడు.

పిల్లలమ్మ ఫోన్ పక్కన పడేసి సీసా అందుకుంది. చుక్కల మందు. పెద్దావిడ చెంచాడన్నది సిరప్ అనుకుని. చుక్కల్లో వెయ్యాల్సింది తను చెంచాతో పోసింది. అదీ పొద్దున వేసినదాని మీద. సీసా వెలుతురుకు పట్టి చూసింది. చీమ తలకాయలంత అక్షరాలు. ఒక్కటీ కంటికి ఆనలేదు. భుజం మీద పిల్ల నిద్రపోయింది. జ్వరం తగ్గి వచ్చిన నిద్రా, ఇంకేదైనానా? బుగ్గ తట్టింది. కదల్లేదు. అరికాలు గిల్లితే కాలు మాత్రం ముడుచుకుంది.

"ఏవండీ!" అని పెట్టిన కేకకు ముందు గదిలో స్క్రూడ్రైవర్ కింద పడింది.

అంతా విని భర్త వీధి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "చెప్పకు. జ్వరం మందేగా, ఏం కాదు. ఊపిరి తీస్తోంది, నిద్రపోతోంది. చెప్పావంటే రేపటినుంచి గడపలో ఒక్క జత చెప్పులుండవు. వీధిలో తలెత్తుకోగలమా?"

ఆమెకూ అదే అనిపించింది. ఆ మాట ఆయన నోట మాత్రం వినలేకపోయింది. ఏమీ కాకపోతే సరే. సాయంత్రం తల్లి తీసుకెళ్ళాక ఏమైనా అయితే? ఏం జరిగిందో తెలియక వాళ్ళు ఏ మందు వేస్తారు? మళ్ళీ ఈ మందే వేస్తే?

ఫోన్ తీసి, తొందరలో మీట రెండుసార్లు తప్పు నొక్కింది. తండ్రి ఎత్తగానే ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. "బాబూ, మీరు చెయ్యకముందే నేను పట్టేశాను. చెంచా నిండా. పెద్దావిడ చెప్పారు, కానీ పట్టింది నేనే. పాపని ఆసుపత్రికి తీసుకెళుతున్నా. మీరు అక్కడికి రండి."

అవతల బండి ఆపిన చప్పుడైంది. "వస్తున్నా" అన్నాడు.

మిగతా పిల్లల్ని పక్కింటావిడకు అప్పజెప్పి, సీసా, చెంచా కొంగున ముడేసుకుని ఆటో ఎక్కింది. దారంతా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే ఉంది. వెచ్చని గాలి తగిలినప్పుడల్లా ప్రాణం లేచొస్తోంది, తగలడం ఆలస్యమైతే పోతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సీసా చూసి, "ఎంత పట్టారు?" అంది.

"ఈ చెంచా నిండా" అని పిల్లలమ్మ ముడి విప్పింది.

నర్సు చెంచాలో నీళ్ళు పోసి, సిరంజిలోకి లాగి కొలిచింది. డాక్టరమ్మ పిల్లను తూచి, కాగితం మీద లెక్క వేసుకుంది. "ఎక్కువే పడింది. ప్రమాదం ఉండకపోవచ్చు. రక్తం చూసేదాకా మాత్రం పంపను. అదీ ఇప్పుడే తీస్తే తెలియదు, కొన్ని గంటలు ఆగాలి."

ఆ కొన్ని గంటలు పిల్లలమ్మ గోడకానుకుని నిలబడింది. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోవడానికి మనసొప్పలేదు. భర్త ఆఫీసుకు కబురు పెడితే, తల్లి ఆఫీసు కార్డు మెడలో వేలాడుతుండగానే పరిగెత్తుకొచ్చింది. పిల్లను హత్తుకుని, ఇటు తిరిగి, "మొదటిరోజే చెప్పాను కదా మీకు" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. వెనకే వచ్చిన తండ్రి అక్కడే నిలబడి తన తల్లికి ఫోన్ చేశాడు. "చెంచా అని నేనెందుకంటాను, కొంచెం అన్నాను" అని ఆవిడ గొంతు బయటికే వినిపించింది. ఎవరేమన్నా, పట్టింది తన చెయ్యే అనుకుంది పిల్లలమ్మ.

దీపాలు వెలిగే వేళకు రిపోర్టు వచ్చింది. రక్తంలో మందు ప్రమాదమయ్యేంత లేదు. బుడంకాయ లేచి, నర్సు జేబులోని పెన్ను లాక్కుని ఇవ్వనని మారాం చేసింది. అది చూశాక పిల్లలమ్మ నేల మీదే కూర్చుంది. ఒక్కతే ఇంటికి నడిచింది.

మర్నాడు బుడంకాయ రాలేదు. సంగతి విని ఇంకో పిల్లనూ మాన్పించారు. భర్త దెప్పలేదు. రాత్రి కంచం ముందు మాత్రం "నేనలా అనాల్సింది కాదు" అన్నాడు. ఆమెకు అన్నం సయించలేదు. కన్ను మూస్తే కదలని బుగ్గ. పిల్లలెవరైనా కాస్త ఎక్కువసేపు పడుకుంటే వంగి ఊపిరి చూసేది. ఈ పని ఇక నా వల్ల కాదని రోజూ అనుకునేది.

ఆ తర్వాతి వారం బుడంకాయను చంకనేసుకుని తల్లి వచ్చింది. లోపలికి రాకుండా గడపలోనే నిలబడింది.

"మా అత్తగారు ఇప్పటికీ కాదనే అంటున్నారు. మా ఆయనేమో, ఫిల్లర్ లేకుండా సీసా పంపడం తన తప్పేనని ఇంకా ఒప్పుకోలేదు. మీరొక్కరే అడక్కుండా చెప్పారు." పిల్లను మరో చంకకు మార్చుకుంది. "ఇంకో ఇల్లు కూడా చూశానక్కా. మనసొప్పలేదు. మీ దగ్గరా భయంగానే ఉంది, అబద్ధమెందుకు?"

"నాకూ భయంగానే ఉందమ్మా" అంది పిల్లలమ్మ. "తీసుకోమంటే తీసుకుంటా. ఒక్క షరతు. ఏ మందు, ఎంత, పొద్దున వేశారా లేదా, మీ ఇద్దరిలో ఒకరు రాసి సంతకం పెట్టాలి. ఆఫీసులో మిమ్మల్ని పిలిపించే నంబరు కావాలి. మీరిద్దరూ దొరక్కపోతే ఎవరు చెప్పినా పట్టను. సరాసరి డాక్టరు దగ్గరికే తీసుకెళతా. అప్పుడెందుకు తీసుకెళ్ళావనకూడదు."

"అనను" అని తల్లి పిల్లను కిందికి దించింది.

బుడంకాయ తిన్నగా చెక్కపలక దగ్గరికి పోయి, దాన్ని పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. పలక మీద పడుతుందేమోనని పిల్లలమ్మ ఒక్క ఉదుటున కదిలింది. వెళ్ళి పిల్లను ఎత్తుకుంది.