సోయా వేళ్ళలో ఎర్రని బుడిపెలు: స్టాంగర్ చెరకు తోటల మధ్య ఒక శనివారం

ఆ ప్రయాణం ఒక ఫోన్‌తో మొదలైంది. "అమ్మాయీ, సాటర్‌డే నువు రా. నీ కండ్లతో నువ్వే చూడు," అని చెప్పి, స్టాంగర్ దగ్గర సేద్యం చేసే తెలుగు ముసలావిడ, నేను పెద్దమ్మా అని పిలిచే లచ్చమ్మ ఫోన్ పెట్టేసింది. చేను బాగుందో పోయిందో చెప్పలేదు. దక్షిణాఫ్రికాలో అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసిన తర్వాత వచ్చిన మూడో వేసవి అది. ఫిబ్రవరి అంటే అక్కడ మండే ఎండాకాలం. నేను గుంటూరు నుంచి వచ్చి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తుండేదాన్ని. మేలు చేసే సూక్ష్మజీవులను పెంచి, పొడిలో కలిపి, రైతులకు పంపడం మా పని. అంతకు ముందు ఏడాది లచ్చమ్మ పెద్దమ్మకు సోయా విత్తనానికి పట్టించమని ఇచ్చిన రైజోబియం, అంటే మొక్కకు నత్రజని అందించే బాక్టీరియా పొడి ప్యాకెట్, నా చేతుల్లోనే పాడైంది. దాన్ని ల్యాబ్ కారు అద్దం దగ్గర ఎండలో పెట్టి మధ్యాహ్నమంతా తిరిగాను. అందులోని బాక్టీరియా చచ్చిపోయింది, తెలియక అదే ఆమెకు ఇచ్చాను. ఆమె చేను మోకాలి ఎత్తు పెరగకముందే పసుపుపచ్చగా మారిపోయింది. తప్పు నాదేనని వెళ్ళి ఒప్పుకున్నాను. అయినా ఆ ముసలావిడ డిసెంబరులో మళ్ళీ విత్తనం వేసింది.

ఉదయం ఆరింటికి మా ఊళ్ళోని రైస్‌థార్ప్ దుకాణాల వీధి చివర మినీబస్ టాక్సీ ఎక్కాను. ఏడున్నరకల్లా డర్బన్‌లో దిగి, ఉత్తర తీరానికి వెళ్ళే టాక్సీల వరుసలో నిలబడ్డాను. బండి నిండితేనే కదులుతుంది కాబట్టి ముప్పావు గంట పట్టింది. రెండు టాక్సీలకూ కలిపి అప్పట్లో ఇరవై రాండ్లు కూడా కాలేదు. డ్రైవర్ పక్క సీటు దొరికింది. నా సంచిలోంచి తొంగిచూస్తున్న చిన్న తాపీని, భూతద్దాన్ని అతను రెండుసార్లు చూశాడు.

"ఏం తవ్వడానికి, సిసీ?" అన్నాడు. అక్కను అక్కడ అలా పిలుస్తారు.

"సోయా మొక్కల వేళ్ళు చూడాలి," అన్నాను.

"మా అమ్మమ్మ ఇక్కడే ముప్పై ఏళ్ళు చెరకు కొట్టింది. ఈ నేలలో చెరకు తప్ప ఇంకోటి పండగా నేను చూడలేదు."

రోడ్డుకు రెండు వైపులా కొండలన్నీ చెరకే. ఆ పచ్చదనం మధ్య పసుపు రంగు చేను ఎక్కడ కనబడుతుందోనని నా కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి.

స్టాంగర్‌లో దిగేసరికి తొమ్మిదిన్నర. అక్కడినుంచి మట్టిరోడ్డు మీద అరగంట నడక. లచ్చమ్మ పెద్దమ్మ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు కొట్టడానికి వచ్చినవాడు. అప్పటికి ఆమెకు పన్నెండు ఎకరాలుంది. ఏళ్ళ తరబడి చెరకే వేసి వేసి నేల అలిసిపోయింది. ఎరువుల ధర మోయలేక, ఆ నేలకు కొంత బలం ఇవ్వాలని ఆమె సోయా వేసింది.

గేటు దగ్గర ఆమెతో పాటు మాఖుమాలో అనే ఆవిడ నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళు ఆ చెరకులోనే పనిచేసిన జూలూ స్త్రీ. ఆమె, ఇంకో పది కుటుంబాల ఆడవాళ్ళు కొత్త ప్రభుత్వం ఇవ్వబోయే భూమి కోసం ఎదురుచూస్తున్నారు. అందులో ఏం వేయాలో ఈ చేను చూసి తేల్చుకుంటామని ఆమె చెప్పింది.

"ఏం పెద్దమ్మా, ఎట్లా ఉంది?"

"ఫస్ట్ టీ తాగు. నీ మొకం చూడు, ఆవిరికుడుములాగ ఉబ్బింది. ఫీల్డ్ యాడికీ పోదు."

నేను టీ ముట్టలేదు. నేరుగా ఇంటి వెనక్కి నడిచాను. మలుపు తిరగ్గానే కాళ్ళు ఆగిపోయాయి. నడుము ఎత్తు చేను, ముదురాకుపచ్చ, ఆకుల చాటున ఊదారంగు పూత. దాని అంచున నాలుగే నాలుగు సాళ్ళు పసుపుపచ్చగా, పొట్టిగా, దిగులుగా ఉన్నాయి. ఆ నాలుగు సాళ్ళకూ రైజోబియం పట్టించవద్దని డిసెంబరులో ఆమే పట్టుబట్టింది. "అన్నిటికీ వేస్తే నీ మందు పనిచేసిందని నేను ఎట్ల నమ్మేది?" అంది అప్పుడు. ఆ రోజు ప్యాకెట్‌ను ఐసు పెట్టెలో తెచ్చి, విత్తనాన్ని చక్కెర నీళ్ళతో తడిపి, పొడి పట్టించి, వరండా నీడలో ఆరబెట్టి, గంటలోపే విత్తాం.

"పై ఆకు చూసి మురిసిపోకు," అంది మాఖుమాలో ఇంగ్లీషులో. "వేరు చూపించు."

పచ్చటి మొక్క చుట్టూ తాపీతో లోతుగా తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి, బకెట్ నీళ్ళలో మెల్లగా కడిగాను. వేళ్ళ నిండా మిరియాల్లాంటి బుడిపెలు. ఒకదాన్ని గోటితో కోసి మాఖుమాలో అరచేతిలో పెట్టాను. లోపల ఎర్రగా, పచ్చిమాంసం రంగులో ఉంది. పసుపు మొక్కను కూడా అలాగే తవ్వాం. దాని వేళ్ళు బోసిగా ఉన్నాయి.

"ఇది రక్తమా?" అంది మాఖుమాలో.

"రక్తంలాంటిదే. లోపల బాక్టీరియా బతికి పనిచేస్తోందని గుర్తు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతుంది, మొక్క దానికి తిండి పెడుతుంది."

ఆమె ఆ వేరును రెండు చేతులతో పైకెత్తి రోడ్డు వైపు తిరిగి కేకేసింది. "వోజానీ! రండి, రండి!" చెరకు చాటున ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో బుడిపె కోసి చూశారు. నాలుకలు ఆడిస్తూ వాళ్ళు ఎత్తిన జయధ్వానం కొండ అవతలికి వినిపించి ఉంటుంది. "మా నేలలోనూ ఇదే వేస్తాం!" అని మాఖుమాలో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. లచ్చమ్మ పెద్దమ్మ నా భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. "ఓసి పిచ్చిదానా, పోయినేడాది ఏడిపించినావు, ఇప్పుడు నేనూ ఏడుస్తాను చూడు!" అంటూ నిజంగానే కళ్ళు తుడుచుకుంది. నేనూ దాచుకోలేకపోయాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వరండాలో అందరం తిన్నాం. మాఖుమాలో తెచ్చిన మొక్కజొన్న పొడిముద్ద, పులిసిన చిక్కటి పాలు. వాటిని అమాసీ అంటారు, రుచి మన పెరుగుకు దగ్గర. దానిమీద పెద్దమ్మ మామిడికాయ ఊరగాయ. "ఇది లేకపోతే నా పొట్ట వినదు," అంది పెద్దమ్మ గిన్నె నాకు జరుపుతూ. పాలను పులియబెట్టేదీ బాక్టీరియానేనని చెబితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఎన్నో సమావేశాల్లో మాట్లాడాను, చప్పట్లు అందుకున్నాను. కానీ నా చదువు ఒకరికి నిజంగా పనికొచ్చిందని నాకు తెలిసింది ఆ బకెట్ దగ్గరే. నా మాటను నమ్మి ఒక సంవత్సరం పోగొట్టుకున్న మనిషి మళ్ళీ నమ్మింది, అయితే నాలుగు సాళ్ళు మందు పట్టించకుండా వదిలి మరీ నమ్మింది. ఆ దేశం అప్పుడు అలాగే ఉండేది. ఎవరూ ఎవరి మాటా ఊరికే తీసుకునేవారు కాదు, కళ్ళతో చూసేవారు, చూశాక మాత్రం వెనక్కి తగ్గేవారు కాదు.

మీరూ ఇలాంటి చేను చూడాలని వెళ్తే, పూత మీద ఉన్నప్పుడే వెళ్ళండి. కాయ గట్టిపడ్డాక వెళితే బుడిపెలు కోసినా ఆ ఎరుపు దొరకదు. అప్పటికి వాటి పని అయిపోయి ఉంటుంది.