వెండెల్ తేల్చుకోలేని స్ప్రింగులు

వెండెల్ క్రాట్జ్ ఏదీ తేల్చుకోలేడు. మా ఊరి హోటల్లో చిల్లీ అనే మాంసం కూర తినాలా, సూపు తాగాలా అని అతను ఆలోచిస్తూ ఉంటే, వడ్డించే డార్లా మిగతా బల్లలన్నీ తుడిచి, ఉప్పు సీసాలన్నీ నింపి, మళ్లీ వచ్చి నిలబడేది.

“సూపేనా?”

“తొందరపెట్టకమ్మా.”

అలాంటి మనిషి ఒక ఏడాది తన తండ్రి కాలంనాటి ధాన్యం ట్రక్కు ఇంజను విప్పాడు. విప్పడానికి ఒక మధ్యాహ్నం చాలింది. వాల్వు స్ప్రింగులు ఎంచుకోవడానికి చలికాలమంతా పట్టింది. విడిభాగాల కొట్టు నాది కనుక, ఆ చలికాలం నా నెత్తిమీదే గడిచింది.

“లియోనా, మెత్తటివా, గట్టివా?”

“ఆ బండికి మామూలుగా వేసేవే. నిన్నా చెప్పాను.”

“నిన్నటి సంగతి వేరు.”

మంగలిని అడిగాడు. పళ్ల డాక్టరును, ఆయన చెయ్యి తన నోట్లో ఉండగానే అడిగాడు. పాస్టరు కళ్లు మూసుకుని ప్రార్థించి, మెత్తటివే అన్నాడు. “ఆయనకి డీజిలుకీ పెట్రోలుకీ తేడా తెలీదు” అని వెండెల్ దాన్నీ కొట్టిపారేశాడు. చివరికి రేసుకార్లకు వేసే గట్టి స్ప్రింగులు కొన్నాడు.

“అవి వాల్వులను కదిలించే క్యామ్‌ను అరగదీసి తినేస్తాయి వెండెల్.”

“అయితే ఆర్విడ్‌ని కూడా ఓ మాట అడుగుదాం.”

చుట్టుపక్కల ఇంజన్లన్నీ బాగుచేసిన చెయ్యి ఆర్విడ్‌ది. భార్య మార్లిస్ పోయినప్పటి నుంచి షెడ్డుకు తాళం వేసి ఇంట్లోనే ఉండిపోయాడు. ఎవరు పిలిచినా తలుపు తీయడు. మేం మెట్ల మీద పెట్టి వచ్చిన వంటకాలతో పక్కింటి కుక్క ఒళ్లు చేసింది.

వెండెల్‌తో నేనూ వెళ్లాను. అతను తలుపు తట్టాడు. మెట్టు మీద కూర్చుని తలుపుతోనే మాట్లాడాడు.

“ఆర్విడ్, రేసు స్ప్రింగులు బిగిస్తున్నా.”

వెండెల్ గొంతు పెంచాడు.

“క్యామ్ కొత్తది. దాని మీద ఆనే ట్యాపెట్లు మాత్రం పాతవే వేసేస్తున్నా.”

లోపల కుర్చీ కిర్రుమంది.

“వాల్వులను నొక్కే రాకర్లు కాస్త వంకరగా ఉంటే సుత్తితో సరిచేశా.”

తలుపు తెరుచుకుంది. గడ్డం మాసిపోయి, కాళ్లకు మేజోళ్లతో ఆర్విడ్.

“ఒరేయ్, కొత్త క్యామ్ మీద పాత ట్యాపెట్లా? గోధుమ కోతల్లోగా నున్నగా అరిగిపోతుంది. ఎక్కడుంది ఆ బండి?”

“మా గోదాంలో.”

“దాన్ని ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. నా బూట్లేవి?”

ఆ రోజే షెడ్డు తాళం తీశాడు. ఆ తర్వాత వెండెల్ పుష్‌రాడ్లు తప్పువి తెచ్చాడు, వాల్వులూ తప్పువే తెచ్చాడు. ఆర్విడ్ తిట్లు రోడ్డు అవతలికి వినిపించేవి. షెడ్డు తెరిచారని తెలిసి జనం తమ ట్రాక్టర్లు కూడా తోలుకొచ్చారు. వేసవికి ట్రక్కు తయారైంది.

ఒకనాడు వెండెల్ నా కొట్లో కాఫీ తాగుతున్నాడు. ఎవరో పొరుగూరి రైతు వచ్చి క్యామ్ ఒక్కటే ఇమ్మన్నాడు.

“ట్యాపెట్లూ కొత్తవే తీసుకో. స్ప్రింగులు మామూలువి. బిగించే ముందు క్యామ్‌కి దట్టంగా గ్రీజు పుయ్యి,” అన్నాడు వెండెల్, కప్పులోంచి తల ఎత్తకుండానే.

రైతు వెళ్లేదాకా ఆగాను.

“అంటే నీకన్నీ తెలుసన్నమాట.”

“నెమ్మదిగా మాట్లాడు. ఆర్విడ్ వింటే నన్ను చంపేస్తాడు.”

“ట్రక్కు పూర్తయిందిగా. ఇంక ఏ వంకతో ఆర్విడ్ దగ్గరికి వెళ్తావు?”

“నిన్న వేలంలో ఇంకో ఇంజను కొన్నా. చక్కగా నడిచేది ఒకటుంది, తుప్పుపట్టి బిగుసుకుపోయింది ఒకటుంది,” అన్నాడు. “క్షణం కూడా ఆలోచించలేదు. బిగుసుకుపోయినదే తెచ్చా.”