మాస్టారు చెప్పిన మలుపు

మా డ్రైవింగ్ మాస్టారు పోయారు. అమెరికా వచ్చిన కొత్తలో పార్సిప్పనీ అనే ఊళ్లో నాతోపాటు కారు నేర్చుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి, "మన మాస్టారు లేరంట, నీకు తెలిసిందా?" అంది. ఆయన్ని ఒక మాట అడగాలని ఏళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఇక ఎవర్ని అడగను?

ఆయన తెలుగువారు కారు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరై, పొద్దుపోక మాలాంటివాళ్లకు డ్రైవింగ్ నేర్పిన అమెరికా పెద్దాయన. మా అపార్ట్‌మెంట్లలో సగంమంది ఆడవాళ్లం ఆయన శిష్యులమే. మాస్టారు అనే మాట నేనే నేర్పాను, ఎంత ప్రయత్నించినా ఆ చివరి అక్షరం ఆయన నోట తిరిగేది కాదు. బ్రేకు గట్టిగా తొక్కితే కోప్పడకుండా జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఇచ్చేవారు. నేను తొక్కిన బ్రేకులకు నా పళ్లన్నీ పుచ్చిపోవలసింది.

కారుతోపాటు వాళ్ల దేశపు అంతర్యుద్ధం కూడా చెప్పేవారు, అందులోనూ చివరి రెండేళ్లు. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న యుద్ధం అది. ఎర్రలైటు దగ్గర ఆగితే గెటిస్‌బర్గ్ పోరు, పచ్చలైటు పడేలోగా విక్స్‌బర్గ్ ముట్టడి. అక్కడే యుద్ధం మలుపు తిరిగిందని పుస్తకాలు అంటాయని, పరీక్షల్లో అడగడానికి వాళ్లకొక పేరు కావాలి కదా అని నవ్వేవారు. మా భాషలో దాన్ని లోపలి యుద్ధం అంటామని చెప్తే చాలా సంతోషించారు. మావాళ్లు సివిల్ వార్ అని పేరు పెట్టారు, అందులో సివిల్‌గా, మర్యాదగా ఏముంది అన్నారు.

ఆ రోజుల్లో మా ఇంట్లోనూ ఒక యుద్ధం నడుస్తోంది. పెళ్లయి వచ్చినప్పటినుంచీ మావారికీ నాకూ పడేది కాదు. లైసెన్సు రాగానే దూరాన ట్రాయ్ అనే ఊళ్లో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్లిపోదామనే నేను కారు నేర్చుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఏడ్చిన కళ్లతో స్టీరింగ్ పట్టుకుంటే మాస్టారు కారు పక్కకు ఆపించి, ఏమిటని అడగకుండా, ఒక కథ చెప్పారు.

యుద్ధం ముగియడానికి ఏడాది ముందు వర్జీనియా అడవిలో ఉత్తరాది సైన్యం బాగా దెబ్బతింది. చీకటిపడ్డాక బయలుదేరమన్నారు. ఎప్పటిలాగే వెనక్కి పోతున్నాం కాబోలనుకున్నారు సైనికులు. దారులు చీలే చోట సేనాధిపతి వాళ్లను ఉత్తరానికి కాక దక్షిణానికి తిప్పాడు.

"ముందుకే పోతున్నామని తెలిసి, అంత అలసటలోనూ సంతోషంతో కేకలు పెట్టారు. నన్నడిగితే యుద్ధం తిరిగింది అక్కడే" అన్నారు మాస్టారు.

అది నాకోసమే, వెళ్లకుండా నిలబడమనే చెప్పారనుకున్నాను. అవునా అని ఆయన్నే అడగాలని ఏళ్లుగా అనుకున్నది. లైసెన్సు వచ్చింది, నేను ట్రాయ్ వెళ్లలేదు. తర్వాత అంతా బాగుందా అంటే ఏం చెప్పను? చాలా ఏళ్లు బాగాలేదు. ఇప్పుడు గొడవల్లేవు. సర్దుకున్నామో, ఇద్దరం అలిసిపోయామో నాకే తెలియదు.

సంతాప సభలో ఆయన కూతురు కనిపిస్తే ఈ కథ చెప్పి, మీ నాన్నగారి మాటవల్లే నిలబడ్డానన్నాను. ఆమె నా మొహంలోకి చూసి కాస్త తటపటాయించింది.

"నాన్నకి ఆ మలుపంటే దిగులు. కేకలు పెట్టినవాళ్లలో చాలామంది ఆ తర్వాతి వారాల్లోనే పోయారు, పాపం వాళ్లకేం తెలుసు అనేవారు."

చివరికి గెలిచారు కదా అన్నాను. గెలిచారు, అదీ అనేవారు నాన్న, అంది.

నేను తలకిందులైపోయాను. మాస్టారు నన్ను ఉండమన్నారా, ఆలోచించుకోమన్నారా? ఏదీ కాక, ఏడుస్తున్న పిల్ల మళ్లీ బండి నడిపే స్థితికి వచ్చేదాకా నోటికొచ్చిన కథ చెప్పారా? ఏమైనా సరే, ఆ పరాయి ఊళ్లో నా ఏడుపు గమనించిన మనిషి ఆయనొక్కరే. అందుకు ఎంత రుణపడ్డానో ఆయనకు ఒక్కసారైనా చెప్పి ఉండవలసింది.

బయటికొచ్చేసరికి మంచు పడుతోంది. లోపలికి వస్తే ఏం మాట్లాడాలో తెలియదని మావారు కారులోనే ఉండిపోయారు. "నీ సీట్ హీటర్ ఆన్ చేసి పెట్టా, కూర్చో" అన్నారు. ఎంతసేపటినుంచి ఆన్‌లో ఉందో, సీటు బాగా కాగి ఉంది. కూర్చోగానే ఏడుపు తన్నుకొచ్చింది. మాస్టారికోసమే అనుకుని మావారు నా చెయ్యి పట్టుకున్నారు. తీసేసుకోవాలో ఉంచాలో తేలక, ఎదుటి అద్దం మెల్లగా మంచుతో తెల్లబడుతుంటే, చూస్తూ కూర్చున్నాను.